నలభై నాలుగో షీటులో బావి

"కూర్చో. ఇది నీకు నచ్చని పని," అన్నాడు చీఫ్.

పదకొండు కూర్చోలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నచ్చిన పని ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఇవాళ కొత్తగా కూర్చోవడమెందుకు?

పదకొండు అనేది అతని ఏజెంట్ నంబరు. పేరు కూడా ఉంది గానీ, ఆ పేరుతో పిలిచే మనిషి పోయి ఎనిమిదేళ్లయింది. డిపార్ట్‌మెంటులో ఎదురుగా 'పదకొండు' అంటారు, చాటున 'అల్లుడు' అంటారు. దేశపటాల ఆఫీసులో నలభై ఏళ్లుగా పటాలు గీస్తున్న ముసలాయన అతనికి పిల్లనిచ్చిన మామ. ఎప్పుడూ చాటున అనుకునే ఆ సంబంధాన్ని చీఫ్ ఇవాళ ఎదురుగానే ఎత్తాడు.

"మీ మామగారిని చూసి ఎన్నాళ్లయింది?"

"ఆరేళ్లు, సార్."

"ఈ సాయంత్రం చూస్తావు." చీఫ్ ఒక ఫోటోను బల్ల మీదుగా తోశాడు. "నలభై నాలుగో షీటు. ఉప్పు మైదానం. మన టాప్ సీక్రెట్ పటం ఫోటో ఇది. అవతలి దేశపు ముఠా దగ్గర దొరికింది. గ్లౌజులావిడ పంపింది."

గ్లౌజులావిడ అంటే మన మనిషే. అంటే, సగం మన మనిషి. పైకి ఫోటో స్టూడియో నడుపుతుంది. వాళ్ల రహస్యాలు మనకు చేరవేస్తుంది, మన రహస్యాలు వాళ్లకు చేరవేస్తుంది. మోచేతుల దాకా నల్ల గ్లౌజులు వేసుకుని వీధిలో నడిచి వస్తుంటే సైకిళ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అసలు నువ్వు ఎవరి పక్షమని చీఫ్ ఒకసారి అడిగాడు. "మీరిద్దరూ నన్ను నమ్మడం మానేసిన రోజున చెబుతాను" అందట.

"ప్లాన్ ఇది," అన్నాడు చీఫ్. "వాళ్ల కమాండోలు తొమ్మిది మంది. మైదానం మీదుగా కాలినడక. టార్గెట్ పంపుహౌసు. రేపు సాయంత్రం ఆరింటికి పేల్చాలని. అది లేచిపోతే నాలుగు పట్నాల్లో తాగడానికి గుక్కెడు నీళ్లుండవు."

"ఆ మైదానంలో నూట ఇరవై కిలోమీటర్లు చుక్క నీరు లేదు, సార్. అందుకే కదా అక్కడ మనకు కాపలా కూడా లేదు. ఎలా వస్తారు?"

"పటం చూడు."

పదకొండు భూతద్దం పెట్టి చూశాడు. తెల్లటి మైదానం నడిమధ్య చిన్న నీలం చుక్క, దాని చుట్టూ సన్నని వలయం. బావి గుర్తు.

ఆ చోటు అతనికి తెలుసు. కంటితో చూడలేదు గానీ దాని అక్షాంశం, రేఖాంశం నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అతని భార్య సర్వేయరు. ఎనిమిదేళ్ల క్రితం జీపు చెడిపోయి, సరిగ్గా అక్కడే, నీళ్లు లేక చనిపోయింది.

'ఆమె పోయాక తవ్వించి ఉంటారు' అనుకున్నాడు. 'చచ్చాకనైనా తవ్వారు.' ఆ పాడు గదిలో నిలబడి, జీవితంలో మొదటిసారి, సర్కారు మీద అతనికి కాస్త కృతజ్ఞత లాంటిది కలిగింది.

"ఈ రాత్రికి వాళ్లు బావి చేరతారు," అన్నాడు చీఫ్. "నీళ్లు నింపుకుని తెల్లారగట్ల బయల్దేరుదామనుకుంటారు. అక్కడే మనం ఉంటాం. మనవాళ్లు పందొమ్మిది మందిని మూడు రోజుల క్రితమే పంపాను. నిన్న పొద్దుటికే బావి దగ్గర మాటు వేసి ఉంటారు. రేడియో నిషేధం. పని అయ్యేదాకా ఒక్క మాట గాలిలోకి పోదు. బరువు తగ్గించాలని రెండు రోజుల నీళ్లే ఇచ్చాం. బావి ఉందిగా."

"మరి నా పని?"

"దొంగను తీసుకురావడం. ఆరు మూల ప్రతులున్నాయి. అయిదు మన బీరువాలో. ఆరోది సవరణల కోసం మీ మామ ఇంట్లో. కూతుర్ని ఈ దేశం పొట్టన పెట్టుకుందని ముసలాయనకు కడుపులో కక్ష ఉండదూ? నువ్వు వెళ్తే మర్యాదగా వస్తాడు. వేరేవాళ్లను పంపితే రెక్క పట్టి ఈడ్చుకొస్తారు. నీ ఇష్టం."

పదకొండు టోపీ తీసుకున్నాడు. జేబులో డిపార్ట్‌మెంటు ఇచ్చిన లైటర్ కెమెరా, పెన్ను ట్రాన్స్‌మిటర్ ఉన్నాయి. లైటరు వెలగదు, ఫోటో తీయదు. పెన్ను మాట పంపదు, కనీసం రాయదు. వాటిని మోయడం మాత్రం రూలు.

*

ఆ పటాల ఆఫీసు గురించి కాస్త చెప్పాలి.

అక్కడ ఒక్కో దేశానికి ఒక్కో పుస్తకం తయారుచేస్తారు. మన దేశానికీ ఒకటుంది. ఏ దేశమైనా నాలుగే అధ్యాయాలు: భూమి, చరిత్ర, ప్రజలు, రక్షణ. భూమి నూట ఎనభై పేజీలు. చరిత్ర తొంభై, రాజుల జాబితాతో సహా. రక్షణ రెండు వందలు, దానికి తాళం. ప్రజలు మూడు పేజీలు. ఆ మూడింటిలో ఒకటి పట్టిక. ఏ దేశం పుస్తకం తీసినా అంతే. కొండకు ఎత్తుంటుంది, నదికి పొడవుంటుంది, తుపాకీకి దూరముంటుంది. మనిషికి అంకె ఉంటుంది, అంతే.

అక్కడ ఇంకో రివాజు ఉంది. గీసే ప్రతి షీటులోనూ ఒక అబద్ధం పెట్టాలి. లేని మలుపు, లేని దిబ్బ, లేని కంచె. దాన్ని దొంగగుర్తు అంటారు. పటాన్ని ఎవడైనా దొంగిలించి కాపీ కొడితే ఆ అబద్ధం వల్ల దొరికిపోతాడు. గీసినవాడు తన దొంగగుర్తు ఏమిటో రాసి, కవరులో పెట్టి, లక్క వేసి ఇస్తాడు. నలభై నాలుగో షీటుకు రాసిచ్చింది ఒక మట్టిదిబ్బ. ఫోటోలో ఆ దిబ్బ ఉంది కనుకనే అది మన ఆఫీసుదని చీఫ్ తేల్చాడు.

అబద్ధానికీ ఒక నీతి ఉంది. ఏదైనా పెట్టుకో, నీళ్లు మాత్రం పెట్టకు. లేని చెరువు, లేని బావి, లేని ఊట పెడితే దాన్ని నమ్మి నడిచినవాడు చస్తాడు. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే ఈ మాట చెప్పేది ఆ ముసలాయనే. నలభై ఏళ్లుగా చెబుతున్నాడు.

*

ముసలాయన ఇల్లు మూడో అంతస్తు. తలుపు తీసేసరికి కిటికీలోంచి సాయంత్రపు వెలుగు నేరుగా గీత బల్ల మీద పడుతోంది. బల్ల మీద పాళీలు వరసగా, చిన్నది నుంచి పెద్దది దాకా.

"రండి అల్లుడుగారూ," అన్నాడు, నిన్న వెళ్లినవాడు ఇవాళ వచ్చినట్టు. "చెప్పులు అక్కడ విడవకండి. అవి అమ్మాయి బూట్లు."

గుమ్మం పక్కన ఒక జత సర్వే బూట్లు. ఎనిమిదేళ్ల బూట్లు, నిన్న పాలిష్ చేసినట్టున్నాయి. పదకొండు తన చెప్పులు గడప అవతలే వదిలేశాడు.

వంటింట్లోంచి గొంతు వినబడింది. "బావగారూ, ఇంకా టీలో మూడు చెంచాల చక్కెరేనా, బుద్ధి వచ్చిందా?"

గ్లౌజులావిడ! గ్లౌజులు లేకుండా ఉంది. ఫోటో మందుల వల్ల గోధుమరంగు మచ్చలు పడ్డ వట్టి చేతులతో కప్పులు కడుగుతోంది.

"మీరేంటి ఇక్కడ?"

"సర్వే స్కూల్లో మీ ఆవిడదీ నాదీ ఒకే బెంచీ. మర్చిపోయారా? నేను ప్రతి ఆదివారం వస్తాను. మీరే రారు."

"ఇవాళ ఆదివారం కాదే."

"కాదు," అంది. నవ్వు ఆగిపోయింది. "మీ చీఫ్ ఎవరిని అనుమానిస్తాడో ఆలస్యంగా తట్టింది. అందుకని వచ్చాను."

పదకొండు ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. ఇలాంటి విషయాలు తిప్పి తిప్పి అడగడం అతనికి వచ్చు, ఆ విద్యలో సర్టిఫికెట్ కూడా ఉంది. మామగారి ముందు అదంతా ఎక్కడికో పోయింది.

"మామయ్యగారూ, ఇది మీరు ఇచ్చారా?"

"లేదు."

"నేను తీశాను," అంది గ్లౌజులావిడ. "నాన్నగారు టీ పెడుతుంటే తీశాను. ఆయనకు తెలియదు. నేనే వాళ్లకు అమ్మాను, నేనే మీ చీఫ్‌కు పంపాను. సంకెళ్లు తెచ్చారా? తెస్తే నాకు వేయండి, ఆయనకు కాదు."

"ఈ షీటే ఎందుకు?"

ఆమె ముసలాయన వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు.

పదకొండు ఫోటోలో నీలం చుక్క మీద వేలు పెట్టాడు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు. "ఈ బావి ఎప్పుడు తవ్వారు మామయ్యగారూ? నాకు ఒక్కరూ చెప్పలేదు."

ముసలాయన కళ్లద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"తవ్వలేదు అల్లుడుగారూ. గీశాను."

వంటింట్లో స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. ఎవరూ వెళ్లి ఆపలేదు.

"అమ్మాయి పోయిన ఏడాది ఆ షీటు మళ్లీ గీయాల్సి వచ్చింది. కొత్త ప్రతులు. ఆ చోటు దగ్గరకు వచ్చేసరికి పాళీ ఆగిపోయింది. అంతా తెల్లకాగితం. నలభై ఏళ్లు ఇదే పని చేశాను, అంత తెలుపు ఎప్పుడూ చూడలేదు. నల్ల పాళీ కింద పెట్టి నీలం పాళీ తీసుకున్నాను. ఒక్క చుక్క. అక్కడ ఆ ఒక్క చుక్క ఉండి ఉంటే..." ఆయన ఆగాడు. "చెక్ చేసేదీ నేనే. సంతకమూ నాదే. ఎవరు అడుగుతారు?"

"అన్ని ప్రతుల్లోనా?"

"ఆరింటిలోనూ. వాటినుంచి సైన్యానికి అచ్చువేసిన వాటిలోనూ."

"నాన్నగారు నాతో చెప్పలేదు," అంది గ్లౌజులావిడ. "చూడగానే తెలిసింది. మీ ఆవిడను ఆ చోటునుంచి తెచ్చిన రోజున మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడ బావి ఎక్కడిది? అప్పుడే ఆలోచన వచ్చింది. అవతలి ముఠావాళ్లు ఏదో ఒక దారి వెతుకుతున్నారు. ఈ దారే అమ్ముదాం, వెళ్లి ఆ చుక్క దగ్గర నిలబడనీ అనుకున్నాను."

"చీఫ్‌కు రాసిన రిపోర్టులో బావి లేదని ఎందుకు చెప్పలేదు?"

"రాస్తే ఈయన జైలుకు వెళ్తారు. నీళ్ల అబద్ధం. వాళ్ల ఆఫీసులో అంతకంటే పెద్ద నేరం లేదు."

పదకొండు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. చీఫ్ చెప్పినప్పుడు కూర్చోని మనిషి.

"మనవాళ్లు పందొమ్మిది మంది నిన్న పొద్దున్నే అక్కడికి చేరారు," అన్నాడు. "రెండు రోజుల నీళ్లతో. మూడో రోజు బావి చూసుకుంటుందని."

గ్లౌజులావిడ గోడకు ఆనుకుంది. "మీవాళ్లు కూడా పటాన్ని నమ్ముతారని నేను అనుకోలేదు బావగారూ."

*

ఫోన్ రెండు నిమిషాలు నడిచింది.

"బావి లేదా?" అన్నాడు చీఫ్. "పటంలో ఉందిగా?"

"పటంలో ఉంది, భూమ్మీద లేదు. రేడియో తీయండి సార్. వెనక్కి రమ్మనండి. హెలికాప్టర్‌లో నీళ్లు పంపండి."

"రేడియో తీస్తే వాళ్లూ వింటారు. ఆపరేషన్ గంగలో కలుస్తుంది. నిషేధం ఎత్తాలంటే పై అనుమతి కావాలి. ఫైలు పెడతాను. పొద్దున పదింటికి మీటింగ్ ఉంది, అందులో..."

పదకొండుకు మిగతా మాటలు వినబడలేదు. ఆ ముక్క అతను ఇదివరకే విన్నాడు. విన్నాడేమిటి, అన్నాడు. ఎనిమిదేళ్ల క్రితం వైర్‌లెస్ గదిలో డ్యూటీ అతనిదే. సర్వే జీపు నుంచి కబురు అందుకున్నదీ అతనే. నీళ్లు అయిపోయాయి, ఇక్కడ ఉన్నాం. సర్వే రహస్యం. హెలికాప్టర్ పంపాలంటే అనుమతి కావాలి. రూలు ప్రకారం ఫైలు పైకి పంపి, జవాబు కోసం కూర్చున్నాడు. అవతల ఉన్నది తన భార్య. అయినా రూలు ప్రకారం కూర్చున్నాడు. ముప్పై గంటలకు సంతకం వచ్చింది.

ఫోన్ పెట్టేశాడు. మామగారి వైపు తిరిగాడు. ఆరేళ్లు ఈ గుమ్మం తొక్కకపోవడానికి కారణం నోటి చివరికి వచ్చింది.

"ఆ రోజు వైర్‌లెస్ గదిలో..."

"తెలుసు," అన్నాడు ముసలాయన. "ముప్పై గంటలు. నేనూ ఇక్కడ కూర్చుని లెక్కపెట్టాను అల్లుడుగారూ."

తెలుసు! ఎనిమిదేళ్లుగా తెలుసు. ప్రతి ఏడూ ఆమె పోయిన రోజున 'భోజనానికి రండి' అని ఉత్తరం రాస్తూనే ఉన్నాడు. పదకొండు ఆ ఉత్తరాలు విప్పేవాడు కాదు.

"పొలాలకు మందు చల్లే విమానం ఒకటుంది," అంది గ్లౌజులావిడ, గ్లౌజులు తొడుక్కుంటూ. "ఊరి బయట చిన్న ఎయిర్‌స్ట్రిప్. పైలట్ నాకు తెలుసు. తెల్లవారితే గానీ ఎగరడు, దీపాల్లేవు. ఆర్డరు కాగితం మాత్రం కావాలి."

"ఆర్డరు కాగితం ఎవరు ఇస్తారు?"

ముసలాయన అప్పటికే బల్ల ముందు కూర్చున్నాడు. ఆకుపచ్చ సిరా బుడ్డి తెరిచాడు. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టేది చీఫ్ ఒక్కడే. "ఒక అబద్ధం గీసినవాణ్ని," అన్నాడు. "ఇంకోటి గీయడానికి చెయ్యి వణుకుతుందా?"

*

తెల్లవారుతుండగా ఎయిర్‌స్ట్రిప్ గేటు ముందు వాతావరణ శాఖ అధికారి ఒకాయన దిగాడు. అతికించిన మీసం, అరువు తెచ్చిన కోటు. వెనక ముసలి అసిస్టెంటు. ఇరవై లీటర్ల డబ్బాలు పన్నెండు.

గేటు క్లర్కు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "డబ్బాల్లో ఏముంది?"

"నీళ్లు."

"వాతావరణ శాఖకు నీళ్లెందుకండీ?"

"వాన రావడం లేదు కదా, మేమే పోద్దామని."

క్లర్కు నవ్వాడు. సంతకం చూసి నవ్వు మానేశాడు. "ఫారం బి ఏది? ఫారం బి లేకుండా విమానం కదలదు." కాగితానికి అతను కూడా భక్తుడే. అప్పుడు గ్లౌజులావిడ ముందుకొచ్చి అతని బల్ల మీద మోచెయ్యి ఆనించి, ఫారం బి ఎలా నింపాలో తనకు తెలియదనీ, కాస్త నేర్పమనీ అడిగింది. అతను నేర్పడం మొదలుపెట్టిన నాలుగో నిమిషంలో విమానం లేచింది.

లేచే ముందు, క్లర్కు ఖాళీ ఫారం వెతకడానికి లోపలికి వెళ్లినప్పుడు, ఆమె కిటికీ దగ్గరకొచ్చింది. "నాన్నగారిని జాగ్రత్తగా దింపండి బావగారూ."

"మీరు ఊరు వదిలి వెళ్లండి. లేని బావి అమ్మినందుకు వాళ్లు ఊరుకోరు."

"తెలుసు. స్టూడియోలో ఒక్క ఫోటో ఉంది, మీ ఆవిడదీ నాదీ. అది తీసుకుని వెళ్తాను."

మైదానం మొదలయ్యాక దారి చెప్పింది ముసలాయనే. కిటికీకి ముక్కు ఆనించి చూస్తున్నాడు. నలభై ఏళ్లు గీసిన నేలను కంటితో చూడడం అదే మొదటిసారి. "ఎడమకు... ఆ తెల్ల చార నాకు తెలుసు. దాన్ని నేను కొంచెం వంకరగా గీశాను." పైలట్ పదకొండు వైపు చూశాడు. "తాతగారికి కళ్లతో పనిలేదండీ, చేత్తోనే దారి చెబుతున్నారు" అన్నాడు.

తొమ్మిదిన్నరకు ఆ చోటు కనబడింది.

మనవాళ్లు, వాళ్లవాళ్లు తుపాకులు గురిపెట్టుకుని ఉంటారని పదకొండు సిద్ధపడ్డాడు. తుపాకులు ఒక పక్కన కుప్పగా పడి ఉన్నాయి. నడిమధ్య ఒక పెద్ద గొయ్యి. ఆ గోతిలో మనుషులు. రెండు రకాల యూనిఫాంలు, ఉప్పు పట్టి ఒకే తెలుపు అయిపోయాయి. బాయ్‌నెట్లతో, టోపీలతో, చేతులతో తవ్వుతున్నారు. ఒకడు తవ్వుతుంటే ఇంకొకడు మట్టి ఎత్తిపోస్తున్నాడు. మనవాడు తవ్వితే వాళ్లవాడు ఎత్తాడు. ఇద్దరి జేబుల్లోనూ ఉన్నది ఒకే పటం.

రాత్రి మొదట కాల్చుకున్నారు. చెరొకడూ పోయాడు. తర్వాత, మనవాళ్లు ముందురోజు నుంచీ వెతుకుతున్న బావి కోసం వాళ్లవాళ్లూ వెతికారు. పొద్దెక్కింది. ఇక శత్రువెవరో చూసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది.

విమానం దిగగానే అందరూ లేవలేదు. లేవగలిగినవాళ్లు లేచారు. పదకొండు మొదటి డబ్బా పట్టుకుని పరుగెత్తాడు. అప్పుడు వినబడింది, గోతి అంచున టిక్ టిక్ మని.

పంపుహౌసు కోసం తెచ్చిన పెట్టె. దాని పక్కన వాళ్ల నాయకుడు, నెరిసిన మీసాలవాడు, మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. విమానాన్ని చూడగానే పట్టుబడ్డామనుకున్నాడు. పట్టుబడితే పెట్టెను పేల్చేయాలని అతనికి ఆర్డరు. మూడు నిమిషాలకు తిప్పేశాడు. తాళంచెవి పిడికిట్లో ఉంది. డయల్ మీద ఇంకా ముప్పై సెకన్లు.

పిస్టల్ తీస్తే అతని పిడికిలి ఇంకా బిగుస్తుంది. పదకొండు పిస్టల్ తీయలేదు. డబ్బా మూత తీసి, మూతలోకి నీళ్లు వంచి, అతని పెదవుల ముందు పెట్టాడు.

"తాగు. తర్వాత పేలుద్దువు గాని."

అతనికి ఆ భాష రాదు. నీళ్ల చప్పుడు వచ్చు. ఇరవై సెకన్లు. అతను పదకొండు మొహం చూశాడు, గోతిలో తన మనుషుల్ని చూశాడు, నీళ్లను చూశాడు. పదిహేను. పెదవులు పగిలి అంటుకుపోయాయి, తెరుచుకోవడం లేదు. పదకొండు వేలితో తడిపాడు. పది. తాగాడు. ఒక గుక్క, రెండో గుక్క. కళ్లు మూసుకున్నాడు. పిడికిలి విడిపోయింది. తాళంచెవి పెట్టి వెనక్కి తిప్పాడు.

డయల్ నాలుగు దగ్గర ఆగింది.

నీళ్లు పంచారు. ఏ యూనిఫాం ముందు అని ఎవరూ అడగలేదు. మందు విమానం పైలట్ ఒక్కొక్కరి తల ఎత్తి పట్టి, "మెల్లగా బాబూ, మెల్లగా, కక్కుకుంటావు" అంటూ పోశాడు.

మనవాళ్ల హవల్దారు చివరిదాకా తాగలేదు. ఒక జవాను తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ జవానుకు ఇక నీళ్లతో పనిలేదు. ముఖం మీద రుమాలు కప్పి ఉంది.

"ఎవడు గీశాడయ్యా ఈ బావి?" అన్నాడు హవల్దారు, ఎవరినీ చూడకుండా. "ఆ మహానుభావుణ్ని ఒక్కసారి చూడాలి."

"నేనే," అన్నాడు ముసలాయన.

అందరూ తిరిగారు. హవల్దారు తలెత్తాడు. పక్కనే మట్టి అంటిన బాయ్‌నెట్ ఉంది. చెయ్యి దాని మీదికి వెళ్లింది. పదకొండు అడుగు ముందుకు వేశాడు. ముసలాయన చేత్తో ఆపాడు.

"ఎందుకు గీశావు తాతా?"

"నా కూతురు ఇక్కడ నీళ్లు లేక పోయింది. ఒక బావి ఉంటే బాగుండునని గీశాను."

హవల్దారు బాయ్‌నెట్ మీదినుంచి చెయ్యి తీశాడు. ఆ చేతిని జవాను జుట్టులోకి పోనిచ్చాడు.

"వీడు నా సొంత తమ్ముడు," అన్నాడు. "తెల్లారేదాకా తవ్వాడు. ఆపరా అంటే వినలేదు. 'అన్నా, పటంలో ఉందిగా, ఉంటుంది, ఇంకొక్క అడుగు' అంటూనే ఉన్నాడు."

ముసలాయన తూలాడు. "బాబూ," అన్నాడు పదకొండుతో. పెళ్లయిన నాటినుంచి అల్లుడుగారూ, మీరూ తప్ప ఆ నోట ఇంకోమాట రాలేదు. "నన్ను పట్టుకో. కాళ్లు నిలవడం లేదు. నన్ను వదలకు నాయనా."

పదకొండు పట్టుకున్నాడు. ఇద్దరూ ఆ గోతి అంచున కూర్చున్నారు. ముప్పై గంటలు ఆమె కూర్చున్న చోటు అదే.

*

పై అనుమతి ఆ మధ్యాహ్నం మూడింటికి వచ్చింది.

స్టూడియో తలుపులు బార్లా తెరిచి ఉండగా దొరికాయి. గోడ మీద ఒక ఫోటో చట్రం ఖాళీగా ఉంది. మెట్ల మీద ఒక నల్ల గ్లౌజు, ఒక్కటే. ఆమె శవం నాలుగు రోజులకు కాలువలో తేలింది. ఫోటో మాత్రం ఆమె దగ్గర లేదు. మరుసటి ఆదివారం అది ముసలాయన ఇంటికి పోస్టులో వచ్చింది. పోస్టులో వేసిన తర్వాతే వాళ్లు ఆమెను పట్టుకుని ఉంటారు.

విచారణ జరిగింది. ముసలాయన అంతా ఒప్పుకున్నాడు. జైలుకు పంపాలంటే కేసు రాయాలి. కేసు రాయాలంటే దేశపటం అబద్ధమని సర్కారు ఒప్పుకోవాలి. అది కుదరదు. కనుక, ఆ బావి శత్రువును బోల్తా కొట్టించడానికి చీఫ్ ముందే పన్నిన పన్నాగమని రికార్డులో రాశారు. చీఫ్‌కు పతకం వచ్చింది. పదకొండుకు ఫారం బి లేకుండా విమానం ఎత్తుకెళ్లినందుకు మెమో వచ్చింది. దాన్ని చించకుండా జేబులో పెట్టుకుని, అక్కడినుంచి నేరుగా మామగారింటికి భోజనానికి వెళ్లాడు.

పటం నిజం కావాలి కనుక, ఆ చోట బావి తవ్వించారు. హవల్దారు తమ్ముడు తవ్విన గోతినే కిందికి దింపారు. నూట అరవై అడుగులు వెళ్లారు. నీళ్లు పడలేదు.

ఉద్యోగం వదిలే ముందు ముసలాయనకు ఇచ్చిన ఆఖరి పని నలభై నాలుగో షీటు సవరణ. నీలం చుక్కను బ్లేడుతో సున్నితంగా గీకి తీశాడు. దాని చోట నల్ల చుక్క, చుట్టూ వలయం. పక్కన రెండక్షరాలు: 'ఎండు'.

ఆ ఏడాది మన దేశం పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది. మొదటి పేజీలో మార్పుల జాబితా ఉంటుంది. భూమి: ఒక బావి చేర్చడమైనది. చరిత్ర: ఒక విజయం చేర్చడమైనది. రక్షణ: పదకొండు పేజీలు చేర్చడమైనది.

ప్రజలు: మార్పులు లేవు.